బాగున్నప్పుడు మందు మార్చడం తెలివా, కొరివితో తల గోక్కోవడమా?

సి_షిఫ్ట్_గాజువాక:
ఇంట్లో ఈ మాట ఎత్తితే గొడవవుతోంది, అందుకే ఇక్కడ అడుగుతున్నా. నాకు బైపోలార్, అంటే మనసు ఓసారి అతి హుషారుకి, ఓసారి దిగులుకి ఊగే జబ్బు. దానికి లిథియం వాడుతున్నా, దాంతోపాటు రాత్రికి ఒలాంజపిన్ 10 మిల్లీగ్రాములు. చాలా ఏళ్లుగా ఆసుపత్రిలో చేరే పని పడలేదు. ప్లాంటులో డ్యూటీ చేసుకుంటున్నా, పిల్లల ఫీజులు కడుతున్నా, ఊళ్లో అందరి లెక్కలో నేను బాగున్నట్టే. కానీ పొట్ట పెరిగిపోయింది, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చూపే పరీక్ష) 6.3 వచ్చింది, మా అమ్మకి షుగరు ఉంది కాబట్టి నేను ఎటు పోతున్నానో తెలుస్తూనే ఉంది. ఎ షిఫ్ట్ ఉన్న రోజు తెల్లవారుజామున లేవడం అంటే నరకం, సగం నిద్రలో బండి నడుపుతున్నా. డాక్టరు గారు "ఒలాంజపిన్ మెల్లగా తీసేసి అరిపిప్రజోల్‌కి మారొచ్చు, తొందరేం లేదు, ఇంట్లో మాట్లాడుకుని రండి" అన్నారు. మా ఆవిడ, అమ్మ ఇద్దరూ ఒకటే మాట, బాగున్నదాన్ని కదపొద్దని. మీరేమంటారు?

అక్కయ్యపాలెం_తమ్ముడు:
అన్నా, వద్దు. మా అన్నయ్యది ఇదే కథ. లావవుతున్నాడని మందు మార్పించాం. మొదట్లో బ్రహ్మాండం, బరువు తగ్గాడు, మొహంలో కళొచ్చింది, అందరం సంబరపడ్డాం. తర్వాత నిద్ర తగ్గింది, రాత్రుళ్లు బీచ్ రోడ్డు మీద నడకలు, ఆ తర్వాత కొత్త వ్యాపారం అంటూ చుట్టాలందరికీ ఫోన్లు, అప్పులు. మేం గుర్తుపట్టేసరికి చేయి దాటిపోయింది. ఉద్యోగం పోయింది. పాత మందు మళ్లీ మొదలుపెడితే ఇదివరకు పనిచేసినంత బాగా పనిచేయలేదు కూడా. షుగరుకి మాత్ర ఉంది, పొట్టకి నడక ఉంది. పోయిన పరువుకి ఏ మెడికల్ షాపులో మందు దొరుకుతుంది?

ఎంవీపీ_అమ్మ:
తమ్ముడు గారి బాధ అర్థమైంది గానీ, "బాగున్నాడు" అని తేల్చేది ఎవరు? మన ఇళ్లలో మానసిక జబ్బు ఉన్న మనిషి అరవకుండా, డబ్బు తగలెయ్యకుండా, ఓ మూల కూర్చుంటే బాగున్నట్టే లెక్క. వాడు మధ్యాహ్నం దాకా మొద్దులా ఉన్నా, తన మొహం తానే అద్దంలో చూసుకోలేకపోయినా ఎవరికీ పట్టదు. ఇంటికి ప్రశాంతత వచ్చింది నిజమే, కానీ దాని ఖరీదు ఆయన ఒంటితో కడుతున్నాడు.

నేనూ మారాను. వాల్‌ప్రోయేట్ అనే మందు మీద ఏళ్ల తరబడి బాగానే ఉన్నా, పిల్లల్ని కనాలనుకున్నప్పుడు మారక తప్పలేదు. తల్లి గర్భంతో ఉండగా ఆ మందు వాడితే 10 మందిలో ఒక బిడ్డకి అవయవలోపాలు వస్తాయి, 10లో 3–4 మంది పిల్లలకి మాట, చదువు లాంటివి వెనకబడతాయి. మా అత్తగారు కూడా "బాగున్నావు కదమ్మా" అనే అన్నారు. దాని బదులు లామోట్రిజిన్ మొదలుపెట్టినప్పుడు నత్తనడకే, ఎందుకంటే వాల్‌ప్రోయేట్ ఒంట్లో ఉంటే లామోట్రిజిన్ మోతాదు రక్తంలో రెట్టింపవుతుంది, తొందరపడితే ఒళ్లంతా దద్దుర్లు లేచి ప్రాణం మీదకొచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి నెలలు పట్టింది, చిరాకేసింది, కానీ అయింది. మారడం అంటే దూకడం కాదు.

సహజజీవనం:
ఈ మందులన్నీ కంపెనీల దోపిడీ. ప్రాణాయామం, చిరుధాన్యాలు, 40 రోజుల ఉపవాస దీక్షతో మా బంధువు అన్నీ ఆపేసి హాయిగా ఉన్నాడు.

వార్డు_సిస్టర్_రిటైర్డ్:
బాబూ, లిథియం మీద ఉన్న మనిషికి ఉపవాసం చెప్పకు. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియంని బయటికి పంపకుండా పట్టేసుకుంటాయి, రక్తంలో విషమవుతుంది. చేతులు వణకడం, విరేచనాలు, మాట ముద్దగా రావడం, తూలడం, ఇవన్నీ నేను వార్డులో చూశాను. అలాగే లిథియం ఉన్నట్టుండి ఆపేస్తే ఉన్మాదం (అతి హుషారు దశ) తిరగబెట్టే అవకాశం మెల్లగా తగ్గించినప్పటికంటే చాలా ఎక్కువ. ప్రాణాయామం చేసుకోండి, మంచిదే, మాత్ర వేసుకుని చేసుకోండి.

సి షిఫ్ట్ బాబూ, మీకు రెండు మాటలు. ఆషాఢ పౌర్ణమి వస్తోంది, మన ఊళ్లో సగం మంది సింహాచలం గిరి ప్రదక్షిణకి బయల్దేరుతారు, 32 కిలోమీటర్లు, ఆ ఉక్కపోతలో. మీరూ వెళ్తే దారిపొడుగునా నీళ్లు, మజ్జిగ తాగుతూ ఉండండి, కాళ్లనొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మింగకండి, అవి లిథియంని పెంచేస్తాయి. పారాసిటమాల్ చాలు. ఇది మీరడిగిన ప్రశ్న కాదు, అయినా చెప్పకుండా ఉండలేను.

రెండోది అసలు సంగతి. ఒలాంజపిన్ తీసేటప్పుడు వచ్చే మొదటి ఇబ్బంది నిద్ర పట్టకపోవడం. ఆ మందు అలవాటైన ఒళ్లు కాబట్టి అది మామూలే. అరిపిప్రజోల్ ఎక్కించేటప్పుడు వచ్చే మొదటి ఇబ్బంది కుదురు లేకపోవడం, కాలు ఒకచోట నిలవదు, కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నడవాలనిపిస్తుంది. ఇప్పుడు చూడండి, నిద్ర లేదు, కుదురు లేదు. ఉన్మాదం మొదలయ్యేటప్పుడూ ఇవే కదా! ఏది మందు వల్ల వచ్చింది, ఏది జబ్బు వల్ల వచ్చింది అని ఇంట్లోవాళ్లు తేల్చలేరు, ఒక్కోసారి డాక్టర్లకే కష్టం. నాకు తెలిసినంతలో ఒక తేడా ఉంది. మందు మార్పు వల్ల నిద్ర కరువైతే మనిషి మర్నాడు నీరసంగా, "నిద్ర పట్టట్లేదు" అని ఏడుస్తూ ఉంటాడు. జబ్బు వల్ల కరువైతే హుషారుగా ఉంటాడు, నిద్ర అక్కర్లేదంటాడు. ఇదీ నూటికి నూరుపాళ్లు నమ్మదగ్గది కాదు. పైగా మందు వల్ల పోయిన నిద్రే కొందరిలో జబ్బుని లేపుతుంది. తమ్ముడు గారి అన్నయ్యకి ఏది ముందో ఇప్పుడెవరూ చెప్పలేరు.

లెక్కల_మాస్టారు_మధురవాడ:
అనుభవాలు రెండు వైపులా వచ్చాయి కాబట్టి ఒక పరిశోధన సంగతి చెప్తాను. 2011లో అమెరికాలో అచ్చయింది, సరిగ్గా ఈ ప్రశ్న మీదే. నిలకడగా ఉండి, బరువు, కొలెస్ట్రాల్ ఎక్కువున్న 215 మందిని తీసుకున్నారు, ఒలాంజపిన్, లేదా అదే కోవ మందులైన క్వెటయపిన్, రిస్పెరిడోన్ వాడేవాళ్లు. కొందర్ని పాత మందు మీదే ఉంచి, మిగతావాళ్లని అరిపిప్రజోల్‌కి మార్చారు. అందరికీ తిండి, వ్యాయామం నేర్పారు. 24 వారాల్లో మారినవాళ్లు 3.6 కిలోలు తగ్గారు, మారనివాళ్లు 0.7. కొలెస్ట్రాలూ మెరుగైంది. జబ్బు అదుపు తప్పడంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

ఎంవీపీ అమ్మ గారు సంబరపడేలోపు మిగతాది కూడా. కొత్త మందుని మధ్యలో ఆపేసినవాళ్లు దాదాపు 44 శాతం, పాత మందు ఆపినవాళ్లు 25 శాతం లోపు. పైగా వాళ్లంతా స్కిజోఫ్రెనియా (భ్రమలు, లేని మాటలు వినిపించడం ఉండే జబ్బు), దానికి దగ్గరి జబ్బులున్నవాళ్లు, బైపోలార్ కాదు. దగ్గరుండి గమనించే సిబ్బంది ఉన్న చోట జరిగిన పని అది. మన ఊళ్లో నెలకో రెండు నెలలకో ఓసారి ఓపీలో కూర్చుంటే అయిదు నిమిషాలు దొరుకుతాయి. ఆ తేడా ఏ పట్టికలోనూ ఉండదు.

అక్కయ్యపాలెం_తమ్ముడు:
నేను చెప్పిందీ అదే కదా మాస్టారూ.

ఎంవీపీ_అమ్మ:
కాదు. సగానికి పైగా కొత్త మందు మీద నిలబడ్డారు అన్నది మీరు వినట్లేదు.

సి_షిఫ్ట్_గాజువాక:
నేను సి షిఫ్ట్ భార్యని, ఆయన ఫోను నుంచే రాస్తున్నా, ఆయనకి చెప్పే రాస్తున్నా. అందరూ ఆయన కష్టం గురించి మాట్లాడారు, మంచిదే. ఒక్క సంగతి. జబ్బు చేసినప్పటి రోజులు ఆయనకి సరిగ్గా గుర్తు లేవు. నాకు ఉన్నాయి. పెద్దపాప అప్పుడు చిన్నపిల్ల, దానికీ గుర్తున్నాయి. ఆయన "కొంచెం తేడా చేసింది" అంటారు, నేను పుస్తెలు తాకట్టు పెట్టి ఆ తేడా సరిచేశాను. ఆయన పొట్ట నాకేమీ ముద్దు కాదు, షుగరు వస్తే రేపు చేసేది నేనే. కానీ మందు మార్చాక ఆయన తేడాగా ఉంటే డాక్టరు ముందు ఎవరి మాట చెల్లుతుంది? అప్పుడు ఆయన "నేను సూపర్‌గా ఉన్నా, ఇదే అనవసరంగా అనుమానిస్తోంది" అంటారు. నా భయం మందు కాదండీ, అది. పైగా శ్రావణంలో మా ఆడపడుచు పెళ్లి.

ఎంవీపీ_అమ్మ:
చెల్లీ, నువ్వు చెప్పింది నాకు సూటిగా తగిలింది. మీవారి పక్షాన మాట్లాడాను గానీ నీ భయానికి ఇక్కడెవరూ జవాబు చెప్పలేదు, నిజమే. ఒక దారి ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో, మనిషి బాగున్నప్పుడే ముందస్తుగా ఒక పత్రం రాసుకోవచ్చు, రేపు నాకు బాగోకపోతే ఎలాంటి వైద్యం చేయాలి, ఏది వద్దు, నా తరఫున ఎవరు మాట్లాడాలి అని. నామినేటెడ్ రిప్రజెంటేటివ్ అంటారు, ఆ పేరు నీది రాయించు. కాగితంతో అన్నీ అయిపోవు, కానీ "ఇదే అనుమానిస్తోంది" అన్నప్పుడు ఆయన బాగున్నప్పుడు పెట్టిన సంతకం నీ చేతిలో ఉంటుంది. పెళ్లి అయ్యాక మారమన్నది ఒప్పుకుంటాను, పెళ్లింట్లో నిద్ర ఎవరికుంటుంది. కానీ తేదీ పెట్టుకోండి. మనకి శ్రావణం అయితే దసరా, దసరా అయితే సంక్రాంతి.

వార్డు_సిస్టర్_రిటైర్డ్:
అమ్మాయీ, ఒకటి అడగనా, మీ ఆయన సిగరెట్లు తాగుతారా?

సి_షిఫ్ట్_గాజువాక:
మళ్లీ నేనే, భర్తని. తాగేవాణ్ని, రోజుకో పెట్టె. పోయిన ఏడాది మానేశా. మా ఆవిడ సింహాచలం అప్పన్నకి మొక్కు కూడా తీర్చుకుంది. ఎందుకు సిస్టర్ గారూ?

వార్డు_సిస్టర్_రిటైర్డ్:
ఈ మత్తు, ఈ పొట్ట ఎక్కువైంది ఆ తర్వాతేనా?

సి_షిఫ్ట్_గాజువాక:
ఇంతకుముందూ ఉంది. కానీ పొద్దున్న లేవలేకపోవడం అంటే... అవును, దాదాపు అప్పటి నుంచే. సిగరెట్ మానితే ఆకలి పెరుగుతుందన్నారు, అదే అనుకున్నా.

వార్డు_సిస్టర్_రిటైర్డ్:
అదీ ఉంటుంది. కానీ పొగ వల్ల కాలేయంలో ఒక ఎంజైము చురుగ్గా పనిచేస్తుంది, ఒలాంజపిన్‌ని అరగదీసేది అదే. నికోటిన్ కాదు, పొగ. కాబట్టి సిగరెట్లు తాగే మనిషి 10 మిల్లీగ్రాములు మింగినా రక్తంలో నిలిచేది తక్కువ. పొగ మానేసిన వారం పది రోజుల్లో ఎంజైము నెమ్మదిస్తుంది, అదే మాత్ర రక్తంలో పెరిగిపోతుంది. మీరు మాత్ర మార్చలేదు గానీ మీ ఒంటికి అందే మోతాదు ఏడాది కిందటే పెరిగి ఉండొచ్చు. సిగరెట్ మానినట్టు డాక్టరుకి చెప్పారా?

సి_షిఫ్ట్_గాజువాక:
ఆయన అడగలేదు, నాకు చెప్పాలని తెలీదు. అంటే మందు మార్చకుండా డోసు తగ్గిస్తే సరిపోతుందా?

అక్కయ్యపాలెం_తమ్ముడు:
అన్నా ఆగు. తగ్గించడం కూడా కదపడమే.

లెక్కల_మాస్టారు_మధురవాడ:
తమ్ముడు గారి మాటకి ఆధారం ఉంది. ఇంగ్లండులో 253 మందితో చేసి 2023లో ప్రచురించిన పరీక్షలో, డాక్టర్ల పర్యవేక్షణలో నెలల తరబడి మెల్లగా తగ్గించినా, రెండేళ్లలో జబ్బు తీవ్రంగా తిరగబెట్టినవాళ్లు 25 శాతం, తగ్గించనివాళ్లలో 13. ఇదీ స్కిజోఫ్రెనియా తరహా జబ్బుల మీదే.

వార్డు_సిస్టర్_రిటైర్డ్:
అక్కడ తగ్గించుకుంటూ వీలైతే పూర్తిగా మానేద్దామని చూశారు మాస్టారూ. ఇక్కడ సంగతి, సిగరెట్ల రోజుల్లో ఏ స్థాయిలో బాగున్నారో ఆ స్థాయికి తిరిగి తేవడం. రెండూ ఒకటి కాదు. అయినా నేను తగ్గించమనట్లేదు, ఎవరూ ఇక్కడ చదివి సగం మాత్ర విరవకండి. డాక్టరు గారికి ఈ ఒక్క ముక్క చెప్తే ఆయన లెక్కే మారొచ్చు. ఒలాంజపిన్‌తో పెరిగే బరువుకి మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర కూడా ఇస్తుంటారు, అదీ అడగండి. ఇంకోటి, సి షిఫ్టులు, అంటే రాత్రి డ్యూటీలు. బైపోలార్‌కి నిద్రవేళలు తారుమారవడం కంటే పెద్ద శత్రువు లేదు. జనరల్ షిఫ్ట్ కోసం డాక్టరు చేత లెటర్ రాయించుకోండి. అన్నీ ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో ఏది చెడగొట్టిందో తెలీదు.

సి_షిఫ్ట్_గాజువాక:
మంగళవారం ఇద్దరం వెళ్తున్నాం. సిగరెట్ సంగతి తను చెప్తుందట, నేను సరిగ్గా చెప్పనట. లిథియం లెవెల్‌కి రక్తం ముందురోజే ఇస్తున్నా, రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి ఇవ్వాలన్నారు. అరిపిప్రజోల్ మాట శ్రావణం తర్వాతే అని ఒప్పుకున్నా, తను ఆ పత్రం మీద పేరు రాయించుకోడానికి ఒప్పుకుంది.

అక్కయ్యపాలెం_తమ్ముడు:
మంచిది. నా మాట మాత్రం మారలేదన్నా.

కంచరపాలెం_కూతురు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా నాన్న క్లోజపిన్ అనే మానసిక జబ్బు మందు వాడుతున్నారు, బీడీలు తాగుతారు, బాగా. వచ్చే వారం హెర్నియా ఆపరేషన్, బీడీలు వెంటనే మానేయమన్నారు. ఆయనకీ ఇది వర్తిస్తుందా?

వార్డు_సిస్టర్_రిటైర్డ్:
వర్తిస్తుంది, ఒలాంజపిన్ కంటే ఎక్కువగా. క్లోజపిన్ ఒక్కసారిగా పెరిగితే విపరీతమైన మత్తు, ఫిట్స్ కూడా రావచ్చు. బీడీలు మానాల్సిందే, కానీ మానకముందే క్లోజపిన్ రాసిన డాక్టరుకి ఫోన్ చెయ్యమ్మా, ఆపరేషన్ చేసే డాక్టరుకి కూడా క్లోజపిన్ సంగతి చెప్పు. ఆయన ఎంత మోతాదు వాడుతున్నారు?