యుద్ధం కథల్లో జంతువులు: పిలకాయలకు చెప్పాలా, చెబితే ఎట్టా చెప్పాలి?

కావలి చదువరి:
అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం మా వీధి పిలకాయలను పంచలో కూర్చోబెట్టి కథలు చదివి వినిపిస్తుంటాను. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ లోపు వాళ్ళు పదిమంది దాకా వస్తారు. ఇంగ్లీషు పుస్తకమైతే ఒళ్ళో పెట్టుకుని తెలుగులో చెబుతాను.

పోయిన వారం టోక్యోలోని ఉయెనో జూ ఏనుగుల కథ చెప్పాను. యూకియో త్సుచియా అనే రచయిత 1951లో రాసిన చిన్న కథ అది. జపాన్‌లో తరాలుగా పిల్లలకు చెబుతున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి బోనులు విరిగితే జంతువులు ఊరి మీద పడతాయని పెద్ద జంతువులను చంపేస్తారు. జాన్, టోంకీ, వాన్రీ అనే మూడు ఏనుగులకు మేత ఆపేస్తారు. ఆట చూపిస్తే తిండి పెడతారని వాటికి అలవాటు. అందుకని ఒంట్లో సత్తువ లేకపోయినా తొండాలెత్తి ఆట చూపిస్తాయి. ఒకదాని తర్వాత ఒకటి మూడూ ఆకలితో చచ్చిపోతాయి.

మరుసటి రోజు ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. "రాత్రి బిడ్డ అన్నం ముట్టలేదక్కా. ఇట్టాంటి కథలు ఎందుకు చెబుతావు?" అంది. నాకు నోట మాట రాలేదు. ఈ వయసు పిల్లలకు ఇవి చెప్పొచ్చా, చెప్పకూడదా? మీ అనుభవం చెప్పండి.

ఒంగోలు నాన్న:
చెప్పకూడదు. ఆ తల్లి చెప్పిందే రైటు. మా పాపకు తొమ్మిదేళ్ళు. ఊళ్ళో మా అన్న వాళ్ళ దూడ చనిపోతే నెల రోజులు ఆ కొట్టం వైపే పోలేదు. ఇట్టాంటి కథల్లో పిల్లవాడికీ జంతువుకూ స్నేహం పెంచుతారు, చదివే బిడ్డ ఆ జంతువును సొంతం చేసుకున్నాక దాన్ని చంపేస్తారు. పెద్దవాళ్ళకు కన్నీళ్ళు తెప్పించడానికైతే సరే. తొమ్మిదేళ్ళ బిడ్డకు ఆ బరువు ఎందుకండీ? ఫోన్లో, టీవీలో యుద్ధం ఎట్టాగూ చూస్తున్నారు. పద్నాలుగేళ్ళు రానివ్వండి, అప్పుడు వాళ్ళే చదువుకుంటారు.

చీమకుర్తి మాస్టారు:
నేను ఒప్పుకోను. టీవీలో చూసేది యుద్ధం కాదు నాయనా, పొగ. దానిలో బాధపడే ప్రాణి ఎవరో బిడ్డకు కనపడదు.

మైకేల్ మోర్‌పర్గో 1982లో రాసిన 'వార్ హార్స్' మా తరగతిలో చెప్పాను. మొదటి ప్రపంచ యుద్ధం కథ, చెప్పేది జోయీ అనే గుర్రం. మొదట ఇంగ్లీషు సైన్యంలో పనిచేస్తుంది, తర్వాత జర్మన్ల బండి లాగుతుంది. రెండు వైపులా దాన్ని ప్రేమగా చూసినవాళ్ళు ఉన్నారు. రెండు కందకాల నడుమ ముళ్ళకంచెలో గాయపడి నిలబడితే ఇటునుంచి ఒక సైనికుడు, అటునుంచి ఒక సైనికుడు బయటికొచ్చి, అది ఎవరికి దక్కాలో రూపాయి ఎగరేసినట్టు నాణెం ఎగరేసి తేల్చుకుంటారు. ఇద్దరూ నవ్వుకుని వెనక్కి పోతారు. అది విన్నాక మా పిల్లల్లో ఒకడు, "మరి మళ్ళీ కాల్చుకోవడం ఎందుకు సార్?" అన్నాడు. ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పాను, ఆ ప్రశ్న నా పాఠం విని ఎవరూ అడగలేదు. గుర్రానికి దేశం లేదు. అందుకే బిడ్డ ఏ పక్షమూ కాకుండా చూడగలిగాడు.

అల్లూరు రైతుబిడ్డ:
నేను పుస్తకాలు ఎక్కువ చదవలేదు, తప్పుగా అంటే క్షమించండి. మాది సముద్రానికి దగ్గర ఊరు. తుఫాను కబురు రాగానే మా నాయన మొదట చేసే పని గొడ్ల చావిట్లోకి పోయి పలుపులు విప్పడం. కట్టేసిన గొడ్డు నీళ్ళు వస్తే అక్కడే చస్తుంది, విప్పిన గొడ్డు మిట్టకు పోతుంది. ఆ తర్వాతే ఇంట్లో బియ్యం, కాగితాలు. మా ఊరి పిలకాయలందరూ చచ్చిన గొడ్లను చూశారు, ఏడ్చారు, మళ్ళీ లేచారు. కాబట్టి పిల్లలు తట్టుకోలేరన్న మాట నేను నమ్మను. ఆ ఏనుగుల కథ చదువుతుంటే నాకు ఒకటే అనిపించింది: వాటి పలుపులు ఎవరూ ఎందుకు విప్పలేదు?

కావలి చదువరి:
చెల్లీ, నువ్వు అడిగిందే నన్ను వారం నుంచి పట్టి పీడిస్తోంది. నిజానికి నేను మొదటి పోస్టులో ఒక సంగతి రాయలేదు. కథ అయ్యాక ఒక పిల్లవాడు, "చంపమని ఎవరు చెప్పారు?" అన్నాడు. నేను "యుద్ధం కదరా" అన్నాను. కథలో ఉన్న జవాబు అదే. తర్వాత కూర్చుని చదివితే నేను ఆ బిడ్డకు అబద్ధం చెప్పానని తెలిసింది.

కథలో బాంబులు పడుతూ ఉంటే గత్యంతరం లేక చంపినట్టు ఉంటుంది. జరిగింది అది కాదు. చంపమని ఉత్తరువు ఇచ్చింది టోక్యో గవర్నరు ఒడాచి షిగెయో, 1943 ఆగస్టులో. టోక్యో మీద వరసగా పెద్ద దాడులు మొదలైంది 1944 నవంబరులో. ఏడాదికి పైగా వ్యవధి ఉంది. టోంకీని సెండాయ్ అనే ఊరి జూకు పంపడానికి జూవాళ్ళు ఏర్పాటు కూడా చేసుకున్నారు, గవర్నరు వద్దన్నాడు. యుద్ధం గడప దాకా వచ్చిందని జనానికి తెలియజెప్పడానికే ఇదంతా చేయించాడని చరిత్రకారులు రాశారు. సెప్టెంబరు 4న చనిపోయిన జంతువులకు సంతాప సభ పెట్టారు. ఆ రోజుకు టోంకీ, వాన్రీ ఇంకా బతికే ఉన్నాయి.

మాకు తుఫాను తెలుసు. తుఫానుకు ఎవరినీ నిలదీయలేం. కానీ ఈ కథలు చాలావరకు యుద్ధాన్ని తుఫాను లాగా చూపిస్తాయి: ఎక్కడినుంచో వచ్చింది, మంచివాళ్ళందరూ ఏడ్చారు, పోయింది. నా అభ్యంతరం ఏడుపు మీద కాదు, దీని మీద. మాస్టారూ, జోయీ కథ నాకూ ఇష్టమే. అయినా గుర్రానికి పక్షం లేదు కాబట్టి, ఆ గుర్రాన్ని ఫిరంగి బండికి కట్టమన్నది ఎవరో అడగాల్సిన పని కూడా లేకుండా పోతుంది.

ఇదేదో దూరదేశపు సంగతి అనుకోకండి. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. ఆ నెలలోనే మద్రాసును ఖాళీ చేయించారు. మద్రాసు జూలో పులులను, సింహాలను కాల్చి చంపారు. అప్పటికి మద్రాసు మీద ఒక్క బాంబు పడలేదు. మా నాయనమ్మ వాళ్ళింటికి మద్రాసు చుట్టాలు ట్రంకు పెట్టెలతో వచ్చి నెలలపాటు ఉన్నారని చెప్పేది. జంతువుల మాట మాత్రం ఆమె నోట ఎప్పుడూ వినలేదు.

ఒంగోలు నాన్న:
అమ్మా, మీరు చెప్పింది బాగానే ఉంది. కానీ ఇది ఇంకా బరువు కదా! ఏనుగులు చచ్చిపోయాయి అనడం ఒకటి, కావాలని చంపారు అనడం ఒకటి. మా పాపకు రెండోది చెబితే ఇక పెద్దవాళ్ళెవరినీ నమ్మదేమో అని నా భయం.

చీమకుర్తి మాస్టారు:
నాయనా, ఆ భయానికి ఒక పుస్తకం ఉంది. ధనగోపాల ముఖర్జీ అనే కలకత్తా మనిషి అమెరికాలో స్థిరపడి 1927లో 'గే నెక్' అనే పావురం కథ రాశాడు. మరుసటి ఏడు అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ పతకం వచ్చింది. ఆ పావురం అసలు పేరు చిత్రగ్రీవం. మన చిన్నయసూరి మిత్రలాభంలో వలతో సహా ఎగిరిపోయిన పావురాల రాజు గుర్తున్నాడా, ఆ పేరే. కలకత్తాలో ఒక పిల్లవాడు పెంచిన పావురాన్ని మొదటి ప్రపంచ యుద్ధానికి ఫ్రాన్సు పంపిస్తారు. అది బతికి తిరిగొస్తుంది. కానీ భయంతో ఎగరడం మానేస్తుంది. దానితోపాటు యుద్ధానికి వెళ్ళిన ఒక వేటగాడి మనసూ చెదిరిపోతుంది. ఇద్దరినీ హిమాలయాల్లో ఒక బౌద్ధ మఠంలో ఉంచి మెల్లగా మాన్పుతారు. చావుతో ఆపేయకుండా, భయం పట్టిన ప్రాణిని ఎట్టా మళ్ళీ ఎగరనివ్వాలో ఓపికగా చెప్పిన పుస్తకం అది. మీ పాపకు ముందు ఇది చెప్పండి.

ఉయెనో కథకు కూడా ఒక కొనసాగింపు ఉందమ్మా, అది పిల్లలకు చెప్పారా? యుద్ధం అయ్యాక మాకు ఏనుగు కావాలని జపాను పిల్లలు అడిగితే 1949లో నెహ్రూ ఒక ఏనుగును అదే జూకు పంపించాడు. దానికి తన కూతురి పేరు, ఇందిర అని పెట్టాడు.

ఒంగోలు నాన్న:
పావురం కథ చెబుతాను మాస్టారూ. ఏనుగులది ఇప్పుడు కాదు. నా మాట మీద నేను ఉన్నాను. కానీ చెప్పే రోజు వస్తే గవర్నరు పేరుతో సహా చెబుతాను.

కావలి చదువరి:
అది చాలండి. ఇందిర సంగతి నేను చెప్పలేదు మాస్టారూ. చెప్పాలనే ఉంది, కానీ గవర్నరు సంగతి చెప్పకుండా ముందు అది చెబితే అంతా సర్దుకుపోయినట్టు అవుతుందని ఆగాను.

నిన్న ఆదివారం అన్నం తినని బిడ్డ తల్లిని కూడా పిలిచాను, వచ్చింది. మొదట పోయిన వారం నేను చెప్పింది తప్పని పిల్లలతో అన్నాను. ఉత్తరువు ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో చెప్పాను. సెండాయ్ సంగతీ చెప్పాను. పిల్లలు ఈసారి ఏడవలేదు, కోపంగా ఉన్నారు. మొదట ప్రశ్న అడిగిన పిల్లవాడు సెండాయ్ ఎంత దూరం అని అడిగాడు. మూడువందల యాభై కిలోమీటర్లు, దగ్గర దగ్గర మన ఒంగోలు నుంచి హైదరాబాదు అంత అన్నాను.

"అప్పుడు రైలు ఉందా?"

ఉందన్నాను.