ఏడు చేపల కథతో లెక్క నేర్పుతున్నా, "ముగ్గురు" దగ్గర ఆగిపోయాం

మా పాపకి నాలుగేళ్ల రెండు నెలలు. ఇరవై దాకా అంకెలు గడగడా చెప్పేస్తుంది కానీ, ఎదురుగా ఉన్నవి లెక్కపెట్టమంటే తడబడేది. అందుకని మూడు వారాలుగా రోజూ రాత్రి అన్నాలయ్యాక పది నిమిషాలు ఏడు చేపల కథ చెబుతున్నాను. చింతపిక్కలే చేపలు, తనే పళ్లెంలో ఎండబెట్టాలి. మొదట్లో ఒకే పిక్కని రెండుసార్లు లెక్కపెట్టేది. వేలితో చూపించడం మాన్పించి ఒక్కోటీ పక్కకి జరపమన్నాక అది పోయింది. ఇప్పుడు "మొత్తం ఎన్ని?" అంటే ఠక్కున "ఏడు" అంటుంది.

చిక్కంతా రాజుగారి కొడుకుల దగ్గరే. ముగ్గురే ఉన్నారని కథ మార్చి చెప్పినా, బొమ్మల మీద చెయ్యి పెట్టి "ఒకటి, రెండు, మూడు... మూడు కొడుకులు" అంటుంది. "ముగ్గురు" అని దిద్దగానే తన లెక్క తప్పిందనుకుని మళ్లీ మొదలుపెడుతుంది. నిన్నయితే "ముగ్గురు అంటే మూడు కన్నా ఎక్కువా?" అని అడిగింది. ఐదుగురు, ఆరుగురులతో ఇంత ఇబ్బంది లేదు, వాటిలో అంకె వినిపిస్తుంది కదా.

"ఒకరు, ఇద్దరు, ముగ్గురు" అని పాటలా చెప్పించాను. వరస వచ్చింది, లెక్కలోకి రాలేదు. భోజనాల దగ్గర ఇంట్లోవాళ్లని లెక్కపెట్టించాను. వారం పాటు దిద్దడం మానేసీ చూశాను. మార్పు లేదు.

ఈ వయసు పిల్లలకి నేర్పినవాళ్లు చెప్పండి: కొన్నాళ్లు కథలో మనుషుల లెక్క వదిలేసి చేపలతోనే నడిపించాలా, రెండూ కలిపే చెబుతూ ఉండాలా?