సమస్యాపూరణం: మూతి మీసమ్ము మొలవని ముసలివారు

నిర్వాహకుడు:

మిత్రులారా, ఈ వారం సమస్య తేటగీతి పాదం. ఇది చివరి పాదంగా వచ్చేలా ముందు మూడు పాదాలు మీరు రాయాలి.

*మూతి మీసమ్ము మొలవని ముసలివారు*

వస్తువు బాస్కెట్‌బాల్. 2023-24 సీజను తొలి నెలల్లో ఓక్లహోమా సిటీ థండర్ జట్టు ఆడిన తీరు. అంతకు రెండేళ్ళ ముందు (2021-22లో) 24 గెలుపులు, 58 ఓటములతో మిగిలిన జట్టు అది. మరుసటి ఏడు 40 గెలిచి 42 ఓడింది. ఆ పై ఏడు 57 గెలిచి పడమటి విభాగంలో మొదటి స్థానంలో నిలిచింది. అంత చిన్న వయసు జట్టు ఆ స్థానానికి రావడం అదే మొదలు. సీజను ముగిసేసరికి అందరూ పొగిడారు సరే. నవంబరు నెలలోనే, ఆట బిగిసిన ప్రతిసారీ, వాళ్ళ ముఖాల్లో ఒక నింపాది కనబడింది. దాన్ని పద్యంలోకి తెండి. ‘మొలవని’, ‘ముసలి’ ఒకచోట ఎలా పొసిగాయో పూరణలో తేలాలి. వాళ్ళు వయోవృద్ధులు కారు, జ్ఞానవృద్ధులు అని ఊరికే చెబితే సరిపోదు, చూపాలి.

నెల్లూరు నుంచి వ్యాయామోపాధ్యాయులు (విశ్రాంత):

గురువుగారూ, నమస్కారం. నా పూరణ.

డెబ్బదియు మూడు పాయింట్ల దెబ్బ తినిరి
మెంఫిసున నాడు తలవంచి మిన్నకుండి;
ఏండ్లు రెండింట నెదురింక నెవరు? వీరె
మూతి మీసమ్ము మొలవని ముసలివారు.

2021 డిసెంబరు 2న మెంఫిస్‌లో 152-79 తేడాతో ఓడారు. ఎన్బీఏ (ఈ జట్లు ఆడే అమెరికా లీగు) చరిత్రలో అంత తేడాతో ఓడిన జట్టు మరొకటి లేదు. నేను ముప్పై ఏళ్ళు పిల్లకాయలతో ఆడించినవాణ్ణి. అట్టా ఓడిన జట్టును మళ్ళీ నిలబెట్టడం ఎంత కష్టమో తెలుసు. మర్నాడు పిల్లకాయలు గ్రౌండుకే రారు. వచ్చినా ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

నిర్వాహకుడు:

మాస్టారూ, ఎత్తుగడ చాలా బాగుంది. ‘డెబ్బ’, ‘దెబ్బ’ ప్రాసయతి (పాదం మొదటి అక్షరానికి, యతి స్థానంలోని అక్షరానికి మైత్రి ఉండటం యతి; వాటికి బదులు వాటి పక్క అక్షరాలు కలిస్తే ప్రాసయతి) చెవికి ఇంపుగా పడింది, పైగా ఆ దెబ్బ శబ్దం కూడా వినబడుతోంది. రెండు మాటలు చెప్పాలి. ఆ రోజు జట్టులో ముఖ్యుడైన షే గిల్జియస్ అలెగ్జాండర్ ఆడలేదు. చెట్ హోమ్‌గ్రెన్, జేలెన్ విలియమ్స్ అప్పటికి జట్టులోనే లేరు. 2022 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్ళను వరసగా ఎంచుకునే కార్యక్రమం) ఒకరు రెండో స్థానంలో, ఒకరు పన్నెండో స్థానంలో వచ్చారు. కాబట్టి ఆ దెబ్బ తిన్నది జట్టు, ఆ కుర్రాళ్ళు కారు. పద్యంలో జట్టు అనే అర్థం చెల్లుతుంది కనుక దోషమనను. మూడో పాదం మాత్రం అతిశయోక్తి.

ఫ్రిస్కో (డాలస్ దగ్గర) నుంచి ఒక అమ్మమ్మగారు:

మాస్టారు గారూ, ‘ఎదురింక నెవరు’ అన్నారు, ఎదురు మా డాలస్ ఉందండీ. 2024 మే నెలలో, సీజను చివరి ప్లేఆఫ్స్ పోటీల్లో, మా ఊరి జట్టు మావెరిక్స్ వాళ్ళను ఆరు ఆటల్లో ఇంటికి పంపారు. ఆరో ఆట 117-116. నేను మా అల్లుడింట్లో కూర్చుని చూశాను. ఒక్క పాయింటు.

నెల్లూరు మాస్టారు:

అమ్మా, నిజమే. పద్యం ఊపులో రాసేశాను. మూడో పాదం ఇట్టా మారుస్తున్నా:

ఏండ్లు రెండింట నెదిగిరి యెంత! వీరె

నిర్వాహకుడు:

ఇప్పుడు పద్యం నిజానికి దగ్గరైంది. అభినందనలు. ‘ఎదిగిరి’ అనడంతో ‘మొలవని’ అన్న మాటకు జవాబు కూడా దొరికింది.

ఫ్రిస్కో అమ్మమ్మగారు:

ఇక నాది. 2023 నవంబరు 18, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ ఊరి జట్టు వారియర్స్‌తో ఆట.

ఒక్క సెకనుపై కొంతయె యున్న వేళ
చెట్టు చేతికి బంతిని జేర్చినారు;
ఊరు మూగయ్యె, తొణకక యుండి రపుడు
మూతి మీసమ్ము మొలవని ముసలివారు.

ఏడడుగుల పైన అంగుళం ఉన్న పిల్లవాణ్ణి ‘చెట్టు’ అనే మా మనవడు పిలుస్తాడు, వాడి పేరు ‘చెట్’ కదా అని. ఆ రోజు థండర్ మూడు పాయింట్లు వెనక ఉంది. గడియారం అయిపోవచ్చింది. మనవడు సోఫా దిగి నేల మీద కూర్చుని టీవీ సౌండు తీసేశాడు. చెట్టు బంతి అందుకుని వెనక్కి వాలుతూ వేశాడు. బంతి వలలో పడింది, ఆట ఓవర్‌టైముకు వెళ్ళింది. 130-123తో గెలిచారు, అతనొక్కడే 36 పాయింట్లు. బంతి పడ్డాక ఆ పిల్లాడు గంతులేస్తాడని నేననుకున్నాను. వాళ్ళకింకా అయిదు నిమిషాలు ఆడాల్సి ఉందని నాకన్నా అతనికే ముందు గుర్తుంది.

నిర్వాహకుడు:

అమ్మా, ఈ వారం ఉత్తమ పూరణ ఇదేనని ఇప్పుడే చెప్పేస్తున్నాను. ‘చెట్టు’ శ్లేష తెలుగులో తప్ప పుట్టదు. ‘ఊరు మూగయ్యె’ అన్న రెండు మాటల్లో పరాయి ఊరి స్టేడియం మొత్తం ఉంది. ‘తొణకక’ అన్నచోట నిండుకుండ చెప్పకుండానే స్ఫురించింది. ఆ మాట చెప్పి ఉంటే పద్యం పలచనయ్యేది.

నెల్లూరు మాస్టారు:

చెట్టు అనగానే నాకింకోటి తోచింది. ఆ పిల్లవాడు 2022-23 సీజను అంతా ఆడలేదు. ఆ ఆగస్టులో సియాటిల్‌లో ఒక ఆటలో పాదం దెబ్బతింది.

పాదమున గాయ మొక్కటి పట్టి యుంచ
ఏడు పొడుగున బెంచిపై నెదురు చూచి
వేరు దిగి నిల్చె నీ చెట్టు, వీరె కారె
మూతి మీసమ్ము మొలవని ముసలివారు.

విశాఖ సోదరి:

మాస్టారూ, పాదం, వేరు, చెట్టు అన్నీ కుదిరాయి. అయితే మూడో పాదంలో ‘చెట్టు’ ఒకటి, వెంటనే ‘వీరె’ బహువచనం. ఒక్కడి కథ చెబుతూ చెబుతూ జట్టు మీదకు దూకినట్టుంది. మధ్యలో మెట్టు లేదు.

నెల్లూరు మాస్టారు:

అవునమ్మా, నాకూ అక్కడే ముల్లు గుచ్చుతున్నట్టుంది. ఇది చూడు:

చెట్టు తోపయ్యె నీయేట జెప్ప వలెనె

విశాఖ సోదరి:

ఇప్పుడు సరిపోయింది! ఒక్క చెట్టు తోపయింది, తోపు బహువచనానికి దారిచ్చింది.

హైదరాబాదు నుంచి కాలేజీ తమ్ముడు:

మాస్టారూ, మా దిక్కు ‘తోపు’ అంటే మొనగాడు అని కూడా అర్థం. మీరు కావాలని పెట్టారో లేదో గానీ, మా కోర్టులో ఈ పద్యం చదివితే చప్పట్లు కొడతారు.

విశాఖ సోదరి:

నా పూరణ. ఆ ఏడు గెలిచిన ప్రతిసారీ ఒక దృశ్యం కనిపించేది. ఒకరిని ఇంటర్వ్యూ చేస్తుంటే మిగతా జట్టంతా వచ్చి చుట్టూ నిలబడేది.

గెలిచినంతనె యొకడు మైకెదుట నిలువ
చుట్టు జేరుచు నందరు సొంపు మీర
కుక్కపిల్లలై మొరిగిరి కూడి యాడి
మూతి మీసమ్ము మొలవని ముసలివారు.

నిర్వాహకుడు:

అమ్మాయీ, ఛందస్సు నిర్దుష్టం. ‘మైకెదుట’ సంధిలో యతి కుదిరిన తీరు ముచ్చటగా ఉంది. దృశ్యం కళ్ళకు కట్టింది. నిజంగానే వాళ్ళు కుక్కపిల్లల్లా మొరిగేవాళ్ళు. కానీ ఒక లోటు ఉంది. పద్యమంతా పసితనమే. ‘ముసలి’ అన్న మాటకు ఆధారం పద్యంలో ఎక్కడా రాలేదు, పాఠకుడు బయటి నుంచి తెచ్చుకోవాలి. సమస్యలో రెండు కొమ్ములుంటే నువ్వు ఒకదాన్నే పట్టుకున్నావు.

విశాఖ సోదరి:

ఒప్పుకుంటున్నాను గురువుగారూ. అయినా ఈ పద్యాన్ని మార్చబుద్ధి కావడం లేదు. ఆట మధ్యలో అంత నెమ్మదిగా ఉన్నవాళ్ళు గెలిచాక పిల్లలైపోవడమే నాకు నచ్చింది. ఎవరి మీదకు మైకు వచ్చినా అందరూ చేరేవాళ్ళు. నేను, నేను అనే గొడవ లేదు. ఆ నెమ్మది అక్కణ్ణుంచే వచ్చిందని నా నమ్మకం.

నిర్వాహకుడు:

ఆ మాట పద్యంలో ఉంటే నేను నోరెత్తేవాణ్ణి కాను. అలాగే ఉంచు, దాని అందం దానికుంది.

హైదరాబాదు తమ్ముడు:

అందరికీ నమస్తే. ఇది నా మూడో తేటగీతి. కాలేజీ టీములో గార్డుగా ఆడుతాను. చివరి రెండు నిమిషాల్లో మా వాళ్ళు ఆట మొత్తం మార్చేస్తారు. అప్పటిదాకా పాస్ ఇచ్చినవాడు ఇవ్వడు, ఎక్కడ బంతి దొరికితే అక్కణ్ణుంచే త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) వేస్తాడు. థండర్ వాళ్ళు చివర్లో కూడా మొదటి క్వార్టర్‌లో ఆడినట్టే ఆడుతుంటే చూసి రాశాను.

మొదటి నిమిషమ్ము వలెనె యా తుదియు నాడి
తడబడక యడ్గు వేసిరి ధైర్యమొదవ
ఆట ముగిసిన పిదపనే యూర్పు విడిరి
మూతి మీసమ్ము మొలవని ముసలివారు.

ఫ్రిస్కో అమ్మమ్మగారు:

బాబూ, భావం చాలా బాగుంది నాన్నా. మొదటి పాదంలో ‘మొ’కి ‘తు’కి యతి కుదరలేదేమో చూసుకో.

విశాఖ సోదరి:

పిన్నిగారూ, అక్కడ తప్పు లేదండీ. ‘మొదటి’, ‘తుదియు’ రెండింటిలో రెండో అక్షరం దకారమే, ముందున్నవి రెండూ లఘువులే. ప్రాసయతి చెల్లింది. అసలు మొదలూ తుదీ అలా ప్రాసలో కలవడమే ఈ పద్యానికి ప్రాణం. తప్పింది మూడో పాదంలో. ‘ఆ’కు ‘ఊ’తో మైత్రి లేదు.

హైదరాబాదు తమ్ముడు:

అక్కా, థ్యాంక్స్. నిజం చెప్పాలంటే ప్రాసయతి నేను లెక్కపెట్టి వేసింది కాదు, నోటికి అలా వచ్చింది. మూడో పాదం ఇప్పుడు చూడండి:

ఆట ముగిసిన పిదపనే యలసినారు

నిర్వాహకుడు:

భేష్! ‘ఊర్పు విడిరి’ కంటే ‘అలసినారు’ వంద రెట్లు నయం. యతి కోసం మార్చిన మాట భావాన్ని కూడా పైకి లేపింది. 48 నిమిషాలూ అలసట తెలియనివ్వకుండా ఉండి, గంట మోగాక అలసిపోవడం... అది ఆడినవాడికే తెలిసే సంగతి తమ్ముడూ. ‘తడబడక’ ఉన్నచోట ‘ధైర్యమొదవ’ కొంచెం బరువు. రెండూ ఒకటే చెబుతున్నాయి. తొందర లేదు, తీరికగా ఆలోచించు.

ఇక నా పూరణ. ఆ జట్టు శిక్షకుడు మార్క్ డేగ్నాల్ట్ 1985లో పుట్టాడు. ఆ సీజనుకు ఆయనే నలభై నిండనివాడు. అప్పటికి షేకి 25 ఏళ్ళు, జట్టులో పెద్దవాళ్ళలో లెక్క. అనుభవం ఉన్నవాణ్ణి బయటి నుంచి తెచ్చి పక్కన కూర్చోబెట్టి నేర్పించుకున్న నెమ్మది కాదది. ఒకరి ఆట ఒకరు చూసి నేర్చుకున్నది.

ఓటమిని మాట తూలక యోర్చినారు;
గెలుపు దలకెక్క నీయక కినుక లేక
పరుల పాయింటు తమ దంచు బంతి నిచ్చు
మూతి మీసమ్ము మొలవని ముసలివారు.

డాలస్ చేతిలో ఒక్క పాయింటుతో పోయిన ఆటలో, చివరి క్షణాల్లో ఫౌల్ చేసింది షేనే. ఆ జట్టే మరుసటి ఏడు 68 ఆటలు గెలిచి, 2025 జూన్ 22న ఫైనల్లో ఇండియానాపై ఏడో ఆట 103-91తో గెలిచి కప్పు ఎత్తింది. మొదటి పాదం రాస్తున్నప్పుడు నా మనసులో ఉన్నది ఆ డాలస్ రాత్రి.

హైదరాబాదు తమ్ముడు:

గురువుగారూ, మూడో పాదం మా కోచ్‌కి చదివి వినిపించాను. గోడ మీద రాయించమన్నారు.

నెల్లూరు మాస్టారు:

అయ్యా, మీ పద్యంలో వేలు పెడుతున్నానని అనుకోకండి. ‘కినుక లేక’ యతి కోసం వచ్చిన మాటలాగా ఉంది. గెలిచినప్పుడు కినుక ఎందుకు? అక్కడ కుర్రాళ్ళు చేసే పని ఏదైనా పడితే బాగుంటుంది. పాయింటు పడ్డప్పుడల్లా చేతులు చేతులు తట్టుకుంటారు కదా.

నిర్వాహకుడు:

మాస్టారూ, మీరన్నది అక్షరాలా నిజం. అది పాదం నింపడానికి పడ్డ మాటే. సవరించాను:

గెలుపు దలకెక్క నీయక కేలు గలిపి