ఫ్రెంచి విప్లవంలో రాజు లూయీ 16ని గద్దె దింపింది జిరోండిన్లా, పారిస్ సెక్షన్లా (నగర వార్డుల సభలు)?

నల్లరేగడి:
నా లెక్కలో అసలు కారకులు జిరోండిన్లే, అంటే అసెంబ్లీలో (ఫ్రాన్స్ శాసనసభలో) యుద్ధం కోరిన వర్గం. 1792 ఏప్రిల్ 20న ఆస్ట్రియా మీద యుద్ధం ప్రకటించింది వాళ్ల పట్టుదల వల్లే. జాకోబిన్ క్లబ్బులో (విప్లవకారుల రాజకీయ సంఘంలో) రోబెస్పియర్ అనే నాయకుడు వద్దు వద్దని మొత్తుకున్నా వినలేదు. యుద్ధం మొదలయ్యాక రాజు వాడిన ప్రతి వీటో జనం కళ్లకు ద్రోహంలాగే కనబడింది. పారిస్ దగ్గర 20,000 మంది ఫెడరేల (దేశం నలుమూలల నుంచి వచ్చే సాయుధ వలంటీర్ల) శిబిరం పెడదామంటే అడ్డుపడ్డాడు. జూన్ 13న జిరోండిన్ల మనిషి రోలాన్‌ను మంత్రిపదవి నుంచి పీకేశాడు. వారం తిరిగేసరికి జనం రాజు ఉండే త్విలరీ కోటలోకి చొరబడ్డారు.

పాతదస్తావేజు:
యుద్ధం దాకా మీతో ఏకీభవిస్తానండీ. గద్దె దింపడం దగ్గర మాత్రం కాదు. జులై చివర్లో జిరోండిన్ నాయకులు వెర్నియో, గాదే, జాన్సొనే ముగ్గురూ బోజ్ అనే చిత్రకారుడి చేత రాజుకి గుట్టుగా లేఖ అందించారు. తీసేసిన మంత్రుల్ని మళ్లీ పెట్టుకోమని అందులో ఒక సలహా. దించేద్దామనుకునేవాళ్లు అలా రాస్తారా? ఆగస్టు 3న 48 సెక్షన్లలో 47 తరఫున మేయర్ పెతియోన్ రాజుని దించమని అర్జీ పెడితే అసెంబ్లీ నాన్చింది.

ఆగస్టు 9 రాత్రి చూడండి, అసలు పని అక్కడ జరిగింది. సెక్షన్ల ప్రతినిధులు నగర భవనంలో చేరి కొత్త కమ్యూన్‌గా (నగర పాలక మండలిగా) ఏర్పడ్డారు. సెన్ నది రెండు ఒడ్ల జనం కలవకుండా నేషనల్ గార్డ్ (పౌర సైన్యం) కమాండర్ మాండా పోన్ నఫ్ వంతెన మీద ఫిరంగులు పెట్టించాడు. కమ్యూన్ వాటిని తీయించింది. మాండాను నగర భవనానికి పిలిపించారు, తిరిగి రాలేదు, చంపేశారు. కోటలో స్విస్ గార్డులు దాదాపు 900 మంది ఉన్నా మొత్తం రక్షణను నడిపే మనిషి లేకుండా పోయాడు. పొద్దున్నే రాజు కుటుంబంతో అసెంబ్లీలోకి వెళ్లిపోయాడు. కాల్పులు ఆ తర్వాతే. అంటే తుపాకీ పేలకముందే కోట సగం ఓడిపోయింది!

నల్లరేగడి:
మాండా సంగతి ఒప్పుకుంటున్నాను, అది నిర్ణాయకం. కానీ సెక్షన్లకు అంత తెగువ తెచ్చిపెట్టింది శత్రుసేనల అధిపతి బ్రున్స్‌విక్ చేసిన ప్రకటన. రాజుకి హాని జరిగితే పారిస్‌ను నాశనం చేస్తామన్న ఆ బెదిరింపు యుద్ధం లేకుంటే వచ్చేదే కాదు.

పాతదస్తావేజు:
నిజమే. అయితే ఆ యుద్ధం తెచ్చినవాళ్లకే చివర్లో చేతులు వణికాయి. బోజ్ లేఖ 1793 జనవరి మొదట్లో కన్వెన్షన్‌లో (అసెంబ్లీ స్థానంలో వచ్చిన కొత్త సభలో) బయటపడింది. అదే నెలలో రాజుకి మరణశిక్ష పడిందని అధ్యక్షస్థానం నుంచి ప్రకటించింది ఆ లేఖ మీద సంతకం చేసిన వెర్నియోనే. తన ఓటు కూడా మరణానికే వేశాడు.