కాలేజీ పిల్లల్ని డిపెండెంట్‌గా చూపించడం: అబ్బాయి ముందే ఫైల్ చేసేశాడు, మాది రిజెక్ట్ అవుతోంది

ఫ్రిస్కో_నాన్న
బాబుకి 20, సోఫమోర్ (కాలేజీ రెండో ఏడాది). 2025 సమ్మర్ ఇంటర్న్‌షిప్ జీతం (డబ్ల్యూ-2 ఫారంలో) 14,000 డాలర్లు, కాలిఫోర్నియాలో. తన అమెరికా టాక్స్ రిటర్న్ తనే ఈ-ఫైల్ చేసేశాడు, "నన్ను వేరేవాళ్లు డిపెండెంట్‌గా చూపించవచ్చు" అన్న గడి టిక్ పెట్టకుండా. అంత సంపాదించినవాణ్ని మా పోషణలో ఉన్న డిపెండెంట్‌గా మేం చూపించవచ్చా? కాలేజీ ఇచ్చే 1098-టి ఫారంలో బాక్స్ 1 (కట్టిన ట్యూషన్) 16,000, బాక్స్ 5 (స్కాలర్‌షిప్) 18,000. ట్యూషన్ క్రెడిట్ వస్తుందా? కాలిఫోర్నియాకి వేరే రిటర్న్ వేయాలా? మా జాయింట్ ఆదాయం లక్షా యాభై వేలు.

వరంగల్_టు_ఎడిసన్
అన్నా, పిల్లగాని జీతం ఎంతన్నది లెక్కలకే రాదు. అందరూ చెప్పే 5,200 పరిమితి క్వాలిఫయింగ్ రిలేటివ్ అనే వేరే రకం డిపెండెంట్‌కి. డిసెంబర్ 31కి 24 నిండని ఫుల్‌టైమ్ స్టూడెంట్ క్వాలిఫయింగ్ చైల్డ్. ఏడాదిల ఏ 5 నెలలైనా ఫుల్‌టైమ్ ఉంటే చాలు, వరుసగా ఉండాలని లేదు. హాస్టల్ల ఉన్నా ఇంట్ల ఉన్నట్టే. చూడాల్సింది ఒక్కటే, వాని ఖర్చుల సగానికి మించి వాడే పెట్టుకున్నడా అని. బ్యాంకుల వేసుకున్న జీతం ఖర్చు కిందికి రాదు, స్కాలర్‌షిప్ కూడా రాదు. వాని పేరు మీద తీసిన లోన్ మాత్రం వాడు పెట్టినట్టే. మన పేరు మీద తీసే పేరెంట్ ప్లస్ లోనైతే మనం పెట్టినట్టు. ఈ తేడా చూసుకోక మస్తుమంది దెబ్బతింటున్నరు.

ఈఏ_షార్లెట్
అమెరికా టాక్స్ శాఖ ఐఆర్ఎస్ లైసెన్స్ ఉన్న ఎన్‌రోల్డ్ ఏజెంట్‌ని, సీజన్ అంతా ఇవే కేసులు. బాబు రీఫండ్ చేతికొచ్చాక సవరణ రిటర్న్ 1040-ఎక్స్ వేయించి ఆ గడి టిక్ చేయించండి, అది కూడా ఈ-ఫైల్ అవుతుంది. డిపెండెంట్‌కి స్టాండర్డ్ డిడక్షన్ (టాక్స్ పడని భాగం) జీతం ప్లస్ 450, అంటే 14,450. టాక్స్ అప్పుడూ సున్నాయే, జీతం వరకు రీఫండ్ వెనక్కి కట్టక్కర్లేదు. మీరు ఐఆర్ఎస్ ఆన్‌లైన్ ఖాతాలో ఐపీ పిన్ (మీరేనని రుజువు చేసే నంబరు) తీసుకుని, అది వేసి మళ్లీ ఈ-ఫైల్ చేయండి. 2024 రిటర్న్‌ల నుంచి, డిపెండెంట్ సోషల్ సెక్యూరిటీ నంబరు వేరే రిటర్న్‌లో వాడేసినా పిన్ ఉంటే తీసుకుంటున్నారు. పిన్ లేకపోతే కాగితం మీద పోస్టులో పంపడమే. బాబు సరిచేయకపోతే ఒకే మనిషిని రెండు రిటర్న్‌లలో చూపించారనే సీపీ87ఏ నోటీసు ఇద్దరికీ వస్తుంది.

నేపర్‌విల్_అమ్మ
క్రెడిట్ గురించి ఎవరూ చెప్పలేదు! బాక్స్ 5 ఎక్కువుంటే క్రెడిట్ పోయినట్టే అని వదిలేయకండి. పుస్తకాలు 700 అనుకుందాం, అర్హమైన ఖర్చు 16,700. మిగిలిన 1,300 ఎలాగూ బాబు ఆదాయమే, మీది కాదు. ఇంకో 4,000 స్కాలర్‌షిప్‌ని హాస్టల్, మెస్‌కి వాడినట్టు చూపిస్తే 4,000 ట్యూషన్ ఖాళీ అవుతుంది, ట్యూషన్ క్రెడిట్ ఫారం 8863లో మీకు పూర్తి 2,500 క్రెడిట్. బాబుకి మొత్తం 19,300, అందులో గరిష్ఠ డిడక్షన్ 15,750 పోతే 3,550 మీద పది శాతం. 355 కట్టి 2,500 తెచ్చుకోవడం.

ఈఏ_షార్లెట్
355 కాదండీ. 5,300 స్కాలర్‌షిప్ ఆదాయం 2,700 దాటింది, బాబు జీతం తన పోషణ ఖర్చులో సగానికి మించకపోతే ఫారం 8615 (తల్లిదండ్రుల రేటుతో వేసే కిడ్డీ టాక్స్) వేయాలి. అప్పుడు దాటిన 2,600 మీద తల్లిదండ్రుల రేటు 22 శాతం, అంటే 572. మిగతా 950 మీద 95. మొత్తం 667.

నేపర్‌విల్_అమ్మ
డిడక్షన్ లెక్కలో స్కాలర్‌షిప్ ఎర్న్‌డ్ ఇన్‌కమే (పని చేసి సంపాదించినట్టే) అని ఐఆర్ఎస్సే రాసింది. మళ్లీ కిడ్డీ టాక్స్ ఎక్కణ్నించి తెస్తున్నారు?

ఈఏ_షార్లెట్
డిడక్షన్ వరకే ఎర్న్‌డ్. డబ్ల్యూ-2లో రాని స్కాలర్‌షిప్ 8615 దగ్గర అన్‌ఎర్న్‌డ్. సగం చదివి జనానికి లెక్కలు చెప్పకండి. పైగా స్కాలర్‌షిప్ లెటర్‌లో "ట్యూషన్‌కి మాత్రమే" అని ఉంటే ఈ పద్ధతే కుదరదు. అది చెప్పారా?

నేపర్‌విల్_అమ్మ
లైసెన్స్ ఉంటే ఇలా మాట్లాడాలా? 667 పోయినా 1,833 మిగులుతుంది, నేను చెప్పింది అదే. ఇంకోటి, 529 (చదువు పొదుపు ఖాతా) నుంచి తీసిన డబ్బుని ఇదే 4,000కి చూపించకండి. ఒకే ఖర్చుకి రెండు లాభాలు కుదరవు.

ప్లానో_మేష్టారు
లక్షా ఎనభై వేలు దాటిన జంటలకి ఆ 2,500 ఎలాగూ రాదు, డిపెండెంట్‌కిచ్చే 500 క్రెడిట్టే గతి. పిల్లాడికి 36,000 జీతం ఉంటే మీరు చూపించడం మానేయండి. తన రిటర్న్‌లో టాక్స్ దాదాపు 2,190, అంతవరకు క్రెడిట్ తనే వాడుకుంటాడు. జీతం తన పోషణ ఖర్చులో సగానికి తక్కువైతే మాత్రం రీఫండ్ రూపంలో రాదు. ఆ గడి టిక్ అప్పుడు కూడా పెట్టాల్సిందే. "చూపించవచ్చు" అని అడుగుతున్నారు గానీ "చూపించారా" అని కాదు.

హెచ్4_తండ్రి
మాకు వేరే తంటా. అమ్మాయి 21 నిండి 2024లో హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబ వీసా) నుంచి ఎఫ్-1 (స్టూడెంట్ వీసా)కి మారింది. పన్నెండేళ్లుగా ఇక్కడే ఉంది, 2025కీ టాక్స్ లెక్కలో రెసిడెంటే కదా?

ఈఏ_షార్లెట్
2025కి కాదు. ఎఫ్-1 రోజులు 5 క్యాలెండర్ సంవత్సరాలు రెసిడెంట్ అని తేల్చే రోజుల లెక్కలోకి రావు. ఏడాదంతా ఎఫ్-1 అయితే లెక్కకొచ్చే రోజులు సున్నా, కనీసం 31 ఉండాలి. ఆమె వేయాల్సింది నాన్‌రెసిడెంట్ రిటర్న్ 1040-ఎన్ఆర్, ఆ రోజులు లెక్కలోకి రావని చెప్పే ఫారం 8843. నాన్‌రెసిడెంట్ పిల్లల్ని డిపెండెంట్‌గా చూపించకూడదు.

హెచ్4_తండ్రి
ఎంత అన్యాయం! ఇండియా ట్రీటీలో ఆర్టికల్ 21 ఉంది, ఇండియా స్టూడెంట్లకి రెసిడెంట్ లాగే అని.

ఈఏ_షార్లెట్
అది డిడక్షన్ల గురించి. స్టేటస్ మార్చదు.

వరంగల్_టు_ఎడిసన్
షార్లెట్ గారూ, కొంచెం ఆగండి. వాళ్ల నాన్న ఎంఎస్ చదివినప్పుడు అమ్మాయి ఎఫ్-2ల (స్టూడెంట్ల కుటుంబ వీసా) ఉంటే ఆ ఏండ్లు గూడ ఆ 5లకే వస్తయి. అయిదు దాటితే ఎఫ్-1 రోజులు లెక్కకు వస్తయి, రెసిడెంట్ అయితది. పాత ఐ-20లు (స్టూడెంట్ వీసా కాగితాలు), పాస్‌పోర్టు స్టాంపులు ముందలేసుకుని లెక్కెయ్యండి.

ఈఏ_షార్లెట్
అది నిజమే. మారిన సంవత్సరం 2024లో కూడా హెచ్-4 రోజులు 31కి తగ్గకుండా ఉండి, ముందు రెండేళ్ల రోజుల వాటా (మూడో వంతు, ఆరో వంతు) కలిపి 183 అయితే ఆ ఏడాదికి చూపించవచ్చు.

గుంటూరు_మిర్చి
మా బంధువుల పాప ఇక్కడి సిటిజన్, గుంటూరు వైపు ఎంబీబీఎస్. చూపించవచ్చా?

ప్లానో_మేష్టారు
చదువుకోసం వెళ్తే తాత్కాలికంగా దూరంగా ఉన్నట్టే, 500 వస్తుంది. 2,500 మాత్రం అమెరికా విద్యాశాఖ స్టూడెంట్ ఎయిడ్ పథకాల్లో ఉన్న కాలేజీలకే. మేలో చదువు అయిపోయి జూన్‌లో వేరే ఊళ్లో ఉద్యోగానికి మకాం మార్చేసే పిల్లలతో ఇంకా జాగ్రత్త. జనవరి నుంచి మే వరకు 5 నెలలు సరిపోయినా, మీ ఇంట్లో సగం ఏడాది నిండదు.

ఫ్రిస్కో_నాన్న
ఐపీ పిన్‌తో యాక్సెప్ట్ అయింది, ధన్యవాదాలు. కాలిఫోర్నియా సంగతి?

నేపర్‌విల్_అమ్మ
బాబు పేరు మీద కాలిఫోర్నియా నాన్‌రెసిడెంట్ రిటర్న్ 540ఎన్ఆర్ వేయండి. మీరుండే టెక్సాస్‌కి స్టేట్ టాక్స్ లేకపోయినా, కాలిఫోర్నియాలో పని చేసి సంపాదించింది కాలిఫోర్నియా ఆదాయమే. డబ్ల్యూ-2 బాక్స్ 17లో పట్టుకున్న డబ్బు వెనక్కి రావాలన్నా అదే దారి.