అయస్కాంతం సూపర్‌కండక్టర్‌కు శత్రువేనా? ఒక్క వాక్యం గురించి సలహా కావాలి

శాంతి_ఉప్పల్
మా బడి గోడపత్రికకు సూపర్‌కండక్టర్ల మీద, అంటే నిరోధం లేకుండా కరెంటును పారనిచ్చే పదార్థాల మీద, ఒక పేజీ రాస్తున్నా. తొమ్మిదో తరగతి పిల్లలు చదివేది. అందులో ఒక వాక్యం: "బలమైన అయస్కాంత క్షేత్రం సూపర్‌కండక్టివిటీకి శత్రువు." మావాడు చూసి "అది పాత ముచ్చటమ్మా, అయస్కాంతం పెంచితే చచ్చింది మళ్ళీ లేచే పదార్థాలున్నాయి ఇప్పుడు" అంటున్నాడు. ఉంచనా, కొట్టేయనా? శుక్రవారంలోగా చెప్పండి ప్లీజ్.

పాత_లెక్చరర్
ఉంచండమ్మా, నిక్షేపంగా ఉంచండి. 1911లో కామర్లింగ్ ఓనెస్ పాదరసాన్ని 4.2 కెల్విన్‌కు (దాదాపు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్) చల్లబరిచి సూపర్‌కండక్టివిటీ కనిపెట్టాడు. ఇక తీగ చుట్టేసి పెద్ద అయస్కాంతం చేసేద్దామనుకున్నాడు. సీసం 0.08 టెస్లాకే (టెస్లా అంటే అయస్కాంత క్షేత్రానికి కొలమానం) చేతులెత్తేసింది.

కారణం కూడా పిల్లలకు అర్థమయ్యేదే. ఎలక్ట్రాన్లు జంటలు కడతాయి, ఒకదాని స్పిన్ (ప్రతి ఎలక్ట్రాన్‌లో ఉండే బుల్లి అయస్కాంతం అనుకోండి) పైకి, రెండోదాని స్పిన్ కిందికి. ఫీల్డ్ వచ్చి ఇద్దర్నీ ఒకే వైపు తిరగమంటుంది. ఆ లాగుడు జంటను కలిపిన శక్తిని మించితే కాపురం కూలినట్టే. దీనికి లెక్కుంది: ట్రాన్సిషన్ ఉష్ణోగ్రతను, అంటే ఏ చలి దగ్గర సూపర్‌కండక్టర్‌గా మారుతుందో ఆ కెల్విన్లను, 1.86తో గుణిస్తే అన్ని టెస్లాలు. పౌలీ లిమిట్ అంటారు. 1962లో మన చంద్రశేఖర్, క్లాగ్‌స్టన్ విడివిడిగా చెప్పారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు బోర్డు మీద ఇదే రాశాను.

మియాపూర్_మెట్రో
మన నోబెల్ చంద్రశేఖరేనా సార్? నక్షత్రాలాయన? ఆయన ఇది కూడా చేశాడా, దండం పెట్టాలి.

హీలియం_బకాయి
కాదు. అది బి.ఎస్. చంద్రశేఖర్. వేరే మనిషి.

శాంతి గారూ, మీ అబ్బాయి చెప్పింది కరెక్ట్. ఆ వాక్యం కొట్టేయండి. యురేనియం డైటెల్యూరైడ్ అని ఒక పదార్థం ఉంది. అది సూపర్‌కండక్టర్ అని 2019లో బయటపడింది. దాని ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత సుమారు 1.6 కెల్విన్. సార్ లెక్క ప్రకారం 1.86 ఇంటూ 1.6, అంటే 3 టెస్లాల దగ్గర చావాలి. స్ఫటికంలో బి అక్షం (a, b, c అనే మూడు దిశల్లో రెండోది) వెంట ఫీల్డ్ పెడితే 35 టెస్లాల దాకా చావలేదు. పది రెట్లకు మించి. ఇంకా వింత, ఫీల్డ్‌ను బి నుంచి సి వైపు 20-40 డిగ్రీలు వంచితే సూపర్‌కండక్టివిటీ ఒకసారి పోయి, 40 టెస్లాలు దాటాక తిరిగి వచ్చింది. 65 దాకా ఉంది. ఎంఆర్‌ఐ మెషీన్‌లో 1.5 లేదా 3 టెస్లాలుంటాయి, పోల్చుకోండి.

పాత_లెక్చరర్
నేను "మన" అన్నాను. నోబెల్ అని ఎక్కడా అనలేదు. పేరు ఒకటైతే నాదా తప్పు?

ఉస్మానియా_బిస్కట్
ఎంఆర్‌ఐ అన్నారు కాబట్టి అడుగుతున్నా. దాంట్లోనిది సూపర్‌కండక్టర్ తీగే కదా. అయస్కాంతం శత్రువైతే అది ఎలా బతుకుతోంది? పోయినేడు మా అమ్మకు స్కాన్ అంటే ఆ తీగను చల్లబరిచే హీలియం లేదని మూడు వారాలు తిప్పారు. ఆ కోపం ఇంకా ఉంది.

హీలియం_బకాయి
అది నయోబియం-టైటానియం. రెండో రకం. ఫీల్డ్‌ను మొత్తంగా బయటికి నెట్టదు, సన్నని సుడులుగా లోపలికి రానిచ్చి వాటిని కదలకుండా పట్టేస్తుంది. 1957లో అబ్రికోసోవ్ చెప్పింది ఇదే. సుడులు ఒకదాన్నొకటి ఆనుకునేంత దగ్గరైతే అదీ చస్తుంది. కాబట్టి పౌలీ ఒక్కటే కాదు, చంపేవి రెండున్నాయి. సార్ ఒక్కటే చెప్పారు.

పాత_లెక్చరర్
గోడపత్రికకు సుడులెందుకు బాబూ?

సరే, 65 టెస్లాలు అంటున్నావు. ఆ అయస్కాంతం ఎంతసేపు నిలుస్తుందో కూడా చెప్పు. కెపాసిటర్ బ్యాంకు ఒక్కసారి ఖాళీ చేస్తే మిల్లీసెకన్లు. ఆ విసురులో లోహపు స్ఫటికం వేడెక్కదా? పైగా వోల్టేజీ తీగ ఊడినా మీటరు సున్నా దగ్గరే చూపిస్తుంది. సున్నా కనబడగానే చప్పట్లు కొట్టేవాళ్ళను 2023 జూలైలో చూశాం. గది వేడిలోనే సూపర్‌కండక్టర్ దొరికింది, ఎల్‌కే-99 అని ప్రపంచమంతా ఊగిపోయింది. ఢిల్లీ ఎన్‌పీఎల్‌లో (జాతీయ భౌతిక ప్రయోగశాల) చేసి చూస్తే ఏమీ లేదు.

హీలియం_బకాయి
ఎల్‌కే-99కూ దీనికీ ఏం పొత్తు సార్? తీగ ఊడితే 40 దగ్గరే ఊడి, ఫీల్డ్ దిగేటప్పుడు అక్కడే మళ్ళీ అతుక్కుంటదా? కోణం మారిస్తే దానికి తగ్గట్టు ఊడుతదా? తీగలే లేకుండా, స్ఫటికం పక్కన కాయిల్ పెట్టి ఫ్రీక్వెన్సీ ఎంత జరిగిందో కూడా చూసిన్రు. అక్కడా అదే గీత.

మిల్లీసెకన్లు అంటరా, మరి 2005 సంగతి చూడుండ్రి. యురేనియం-రోడియం-జెర్మేనియం. 2 టెస్లాల దగ్గర పోయింది, 8 దగ్గర వచ్చింది, 13 దాకా ఉంది. అది పల్స్ కాదు, నిలకడ ఫీల్డ్. దానిలో అయస్కాంతత్వం ముందే ఉంటది, 9.5 కెల్విన్ కిందికొస్తే ఫెర్రోమాగ్నెట్, అంటే ఇనుము లెక్క దానంతటదే అయస్కాంతం. బయటి ఫీల్డ్ అడ్డంగా 12 టెస్లాల దాకా పోయేసరికి లోపలి మొమెంట్లు (బుల్లి అయస్కాంతాలు) ఒక అక్షం నుంచి ఇంకో అక్షానికి తిరగబోతయి. ఆ ఊగులాటే ఎలక్ట్రాన్లను జంట కట్టిస్తదని లెక్క. అంటే అక్కడ ఫీల్డ్ శత్రువు కాదు, పెళ్ళిళ్ళ పేరయ్య.

మియాపూర్_మెట్రో
పెళ్ళిళ్ళ పేరయ్య 😂 శాంతి గారూ ఇది రాయండి గోడ మీద.

పాత_లెక్చరర్
పేరయ్య కుదిర్చిన సంబంధాలన్నీ నిలబడవు.

హీలియం_బకాయి
మీకు జోకులే. తీగ ఊడిందన్న మాట నాకు ఎక్కడ తగులుతదో మీకు తెల్వదు. రెండేళ్ళు ఒక సాంపిల్ మీద కూసున్న. జుట్టు కంటే సన్న బంగారు తీగలు నాలుగు, మైక్రోస్కోపు కింద సిల్వర్ పెయింట్ చుక్క పెట్టి, ఊపిరి బిగబట్టి అతికించాలె. చల్లబరచడానికి ఒక రాత్రి. డ్యూవర్‌లో (చలి నిలిపే ఫ్లాస్కు) హీలియం ఆవిరైపోతుంటే మా స్కాలర్‌షిప్పే ఆవిరైపోతున్నట్టుండేది. చివరికి వైవాల ఒకాయన గ్రాఫ్ చూడకుండనే "కాంటాక్ట్ ఊడిందేమో" అని నవ్విండు. వెనక వరుసల మా నాయిన కూసున్నడు. హన్మకొండ నుంచి పొద్దున బస్సుకు వచ్చిండు. ఆయనకు అర్థమైంది ఆ ఒక్క మాటే.

ఇరవై ఏళ్ళ కింది నోట్సు పట్టుకొని కొత్తదాన్నంతా దొంగదని అంటే ఎట్ల?

ఉస్మానియా_బిస్కట్
లొల్లి మొదలైంది. శాంతి గారు పారిపోయినట్టున్నారు.

పాత_లెక్చరర్
నోట్సు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. నేను అచ్చులో ఉన్నదంతా నమ్మిన మనిషిని, అదే నా బాధ.

స్ట్రాన్షియం రుథినేట్. 1994లో సూపర్‌కండక్టర్ అని తేలింది. 1998లో ఎన్ఎంఆర్‌తో (రేడియో పల్సులతో పరమాణు కేంద్రకాలను తట్టి చూసే పద్ధతి) నైట్ షిఫ్ట్ కొలిచారు, ఎలక్ట్రాన్ల స్పిన్లు ఫీల్డ్ వైపు ఎంత తిరుగుతాయో చెప్పే కొలత అది. జంటల్లో స్పిన్లు ఎదురెదురుగా ఉంటే, అంటే సింగ్లెట్ అయితే, చల్లబడినకొద్దీ ఆ షిఫ్ట్ తగ్గాలి. తగ్గలేదు. అయితే స్పిన్లు ఒకే వైపున్నాయి, ఇది ట్రిప్లెట్ అన్నారు. నేను ఎం.ఫిల్.లో దాని మీద ఒక అధ్యాయం రాశాను. ఏటా ఎం.ఎస్సీ. పిల్లలకు "ట్రిప్లెట్‌కు ఉదాహరణ ఇవ్వుము" అని ప్రశ్న వేశాను, అది రాసినవాడికి మార్కులిచ్చాను. 2019లో మళ్ళీ కొలిస్తే షిఫ్ట్ తగ్గింది. పాత కొలతల్లో రేడియో పల్సులే సాంపిల్‌ను వేడెక్కించాయట. ఇరవై ఒక్క ఏళ్ళు! సింగ్లెట్ అని రాసిన ఒక అమ్మాయికి నేను సున్నా వేశాను. ఆ పేపరు కట్ట ఇప్పటికీ కళ్ళ ముందు ఉంటుంది.

అందుకే వేడి గురించి అడిగాను. నిన్ను వెక్కిరించడానికి కాదు.

హీలియం_బకాయి
సార్, నేను పైన ఎక్కడన్నా ట్రిప్లెట్ అన్నానా? ఒకసారి మళ్ళీ చదవండి.

పాత_లెక్చరర్
చదివాను. అనలేదు. కానీ పౌలీని పది రెట్లు దాటింది అనగానే చదివినవాడి మనసు అక్కడికే పోతుంది, స్పిన్లు ముందే ఒకే వైపుంటే ఫీల్డ్‌కు విడదీసే పనే ఉండదు కదా. అదే నా పేచీ అసలు. సున్నా వచ్చింది, ఒప్పుకుంటాను, కాయిల్ సంగతి నాకు తెలియదు. కానీ ఫీల్డ్‌ను తట్టుకుంది కాబట్టి ట్రిప్లెట్ అనకూడదు. 1984లో యూరోపియం కలిపిన షెవ్రెల్ (మాలిబ్డినం-గంధకం) సమ్మేళనంలో కూడా పోయి తిరిగొచ్చింది. అక్కడ యూరోపియం అయాన్లు లోపల ఎదురు ఫీల్డ్ పెడతాయి, బయటిది దాన్ని కొట్టేస్తుంది, అంతే. జంటలు మామూలు సింగ్లెట్లే.

హీలియం_బకాయి
ఒక్క పొర మందాన ఉన్న నయోబియం డైసెలినైడ్ కూడా ఉంది. ఫీల్డ్ పొర వెంట పెడితే పౌలీని ఆరు రెట్లు దాటింది. అదీ ట్రిప్లెట్ వల్ల కాదు, స్పిన్లు పొరకు నిలువుగా బిగుసుకొని ఉండటం వల్ల. కాబట్టి మీరన్నది ఒప్పుకుంటున్నా.

కానీ యురేనియం డైటెల్యూరైడ్‌లో ఎదురు ఫీల్డ్ కథ అంత సులువుగా అతకదు. 35 టెస్లాల దగ్గర దాని అయస్కాంతత్వం ఒక్క గంతు వేస్తుంది. బి అక్షం వెంట ఆ గంతే దాన్ని చంపుతుంది, వంచిన కోణంలో ఆ గంతు దాటాకే తిరిగి లేస్తుంది. నైట్ షిఫ్ట్ విషయంలో కూడా మీ రుథినేట్ పాఠమే ఇక్కడా నడుస్తోంది: మొదటి స్ఫటికాల్లో పెద్దగా తగ్గలేదు, ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత 2.1 కెల్విన్ దాకా ఉండే శుద్ధమైన స్ఫటికాలు వచ్చాక a అక్షం వెంట గట్టిగా తగ్గింది. అయినా చాలామంది ట్రిప్లెట్ అనే అంటున్నారు, స్పిన్ల దిశ మాత్రం మార్చి చెబుతున్నారు. నేనైతే అదే అనుకుంటున్నా. రాసి సంతకం పెట్టమంటే పెట్టను.

పాత_లెక్చరర్
ఆ సంతకం పెట్టనన్న మాట మొదటే చెప్పి ఉంటే నాకు బీపీ మాత్ర మిగిలేది.

ఇంతకీ ఆ వైవాలో ఊడిందా, ఊడలేదా?

హీలియం_బకాయి
మూడు సాంపిళ్ళలో ఒకదాంట్లో ఊడింది సార్. ఆయన నవ్వింది దాని గురించి కాదు, బాగున్న మిగతా రెండింటి గురించి.

శాంతి_ఉప్పల్
పారిపోలేదు, పరీక్ష పేపర్లు దిద్దుతున్నా. శుక్రవారం దాటిపోయింది, మైదా జిగురు కాచి నిన్ననే అంటించేశాం. "శత్రువు" అలాగే ఉంది. మావాడు దాని పక్కన పెన్సిల్‌తో "ఎప్పుడూ కాదు" అని రాశాడు. హెడ్‌మాస్టర్ గారు ఇంకా చూడలేదు.

పాత_లెక్చరర్
అమ్మా, "ఎప్పుడూ కాదు" అంటే ఎన్నడూ కాదని కూడా అర్థం వస్తుంది. "అన్నివేళలా కాదు" అని దిద్దించండి. పెన్సిలే కదా.