బిల్డ్ ఫోల్డర్‌లో నడిచే ప్రోగ్రామ్‌కు ఇన్‌స్టాల్ చేశాక షేర్డ్ లైబ్రరీ ఎందుకు దొరకడం లేదు?

ప్రశ్న

నమస్కారం. తెలుగు వాక్యాన్ని తీసుకుని, హార్ఫ్‌బజ్ (అక్షరాల రూపాలను కూర్చే లైబ్రరీ) సాయంతో ఒత్తులనూ గుణింతాలనూ సరిగ్గా కూర్చి, బొమ్మగా మార్చి ఇచ్చే చిన్న లైబ్రరీని సీ ప్లస్‌ప్లస్‌లో రాస్తున్నాను. లిబ్‌లిపి అనే షేర్డ్ లైబ్రరీ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు విడిగా లోడ్ అయ్యే కోడ్ ఫైల్) ఒకటి, దాన్ని వాడుకునే కమాండ్‌లైన్ ప్రోగ్రామ్ ఒకటి, రెండూ ఒకే సీమేక్ (బిల్డ్ సాధనం) ప్రాజెక్టులో ఉన్నాయి. బిల్డ్ ఫోల్డర్‌లో ఉన్నంతసేపు లినక్స్ మీదా మ్యాక్ మీదా ఏ ఇబ్బందీ లేదు. ఇన్‌స్టాల్ చేసిన తరువాతే ఒక్కో సిస్టమ్ ఒక్కో రకంగా మొరాయిస్తోంది.

ఉబుంటు 22.04లో ఎల్‌డీకాన్ఫిగ్ (సిస్టమ్ లైబ్రరీల కాష్‌ను తాజా చేసే కమాండ్) నడిపాక సరిపోయింది. ఫెడోరాలో అదే కమాండ్ నడిపినా "షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్‌ను తెరవలేకపోయాను" అనే ఎర్రర్ పోవడం లేదు. ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ (లైబ్రరీలను ఎక్కడ వెతకాలో చెప్పే వేరియబుల్) పెడితే మాత్రం నడుస్తోంది. ఆపిల్ సిలికాన్ మ్యాక్‌లో "లైబ్రరీ నాట్ లోడెడ్: @ఆర్‌పాత్/లిబ్‌లిపి.1.డైలిబ్" అని వస్తోంది. అక్కడ దానికి సమానమైన డీవైఎల్‌డీ_లైబ్రరీ_పాత్ పెట్టి టెర్మినల్‌లో నేరుగా నడిపితే పనిచేసే ప్రోగ్రామ్, షెల్ స్క్రిప్టు ద్వారా పిలిచేసరికి మళ్లీ అదే ఎర్రర్ ఇస్తోంది. విండోస్‌లో అయితే లింక్ దశ కూడా దాటలేదు. లిపి.లిబ్ ఫైల్‌ను తెరవలేనంటూ ఎల్‌ఎన్‌కే1104 వస్తోంది.

ఈ వేరియబుళ్లను వాడుకరులే తమ బాష్‌ఆర్‌సీలో (షెల్ సెట్టింగుల ఫైల్) పెట్టుకోవాలని రీడ్‌మీలో రాయడం సరైన పద్ధతేనా? లేక బిల్డ్‌లోనే సరిచేయవలసినది ఏమైనా ఉందా?

మొదటి సమాధానం

బిల్డ్‌లోనే సరిచేయాలి. వాడుకరుల బాష్‌ఆర్‌సీ జోలికి దయచేసి వెళ్లవద్దు. ఆ వేరియబుల్ మీ ప్రోగ్రామ్‌కు మాత్రమే కాక ఆ షెల్ నుంచి నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కూ వర్తిస్తుంది కాబట్టి, మీ ఫోల్డర్‌లో ఉన్న హార్ఫ్‌బజ్ వెర్షన్‌ను సంబంధం లేని మరో ప్రోగ్రామ్ ఎత్తుకుని కూలిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు దోషం ఎక్కడుందో వెతికే పని ఆ వాడుకరి మీద పడుతుంది.

బిల్డ్ ఫోల్డర్‌లో ప్రోగ్రామ్ నడవడానికి కారణం, సీమేక్ లింక్ చేసేటప్పుడు ఆ ఫోల్డర్ పూర్తి చిరునామాను ప్రోగ్రామ్ ఫైల్‌లోనే ఆర్‌పాత్‌గా, అంటే లైబ్రరీలను వెతకవలసిన చోటుగా, రాసి పెట్టడం. ఇన్‌స్టాల్ దశలో, మీరు వేరే విలువ ఇవ్వకపోతే, సీమేక్ ఆ చిరునామాను తుడిచేస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెరమీద వచ్చే వరుసలను గమనించండి: "రన్‌టైమ్ పాత్ ఆఫ్" అనే మాటలుండి, చివర ఖాళీ కొటేషన్ గుర్తులతో ముగిసే వరుస ఒకటి కనిపిస్తుంది. మీ లైబ్రరీ చిరునామా పోయినది అక్కడే. బయటివాళ్ల కంప్యూటర్‌లో మీ హోమ్ ఫోల్డర్ ఉండదు కాబట్టి తుడవడం న్యాయమే, కానీ దాని స్థానంలో ఏముండాలో చెప్పవలసిన బాధ్యత మనది.

ఉబుంటుకూ ఫెడోరాకూ తేడా ఎందుకొచ్చిందంటే, మీరు ఇన్‌స్టాల్ ఫోల్డర్ల పేర్లు నిర్ణయించే గ్నూఇన్‌స్టాల్‌డిర్స్ అనే సీమేక్ మాడ్యూల్ వాడుతున్నట్లయితే అది ఉబుంటులో లైబ్రరీని /యూఎస్ఆర్/లోకల్/లిబ్ లోనూ, 64 బిట్ ఫెడోరాలో /యూఎస్ఆర్/లోకల్/లిబ్64 లోనూ పెడుతుంది. ఉబుంటులో మొదటి ఫోల్డర్ పేరు ఎల్‌డీ.ఎస్ఓ.కాన్ఫ్.డీ (ఎల్‌డీకాన్ఫిగ్ చూడవలసిన ఫోల్డర్ల జాబితా) కింద ముందే రాసి ఉంటుంది, అందువల్ల ఎల్‌డీకాన్ఫిగ్ దాన్ని చూసి కాష్‌లో చేర్చుకుంది. ఫెడోరాలో /యూఎస్ఆర్/లోకల్/లిబ్64 పేరు ఆ జాబితాలో ఉండదు. జాబితాలో లేని చోటును ఎల్‌డీకాన్ఫిగ్ ఎన్నిసార్లు నడిపినా చూడదు.

అందుచేత సీమేక్_ఇన్‌స్టాల్_ఆర్‌పాత్ అనే వేరియబుల్‌కు లినక్స్‌లో "$ఆరిజిన్/../లిబ్" అనీ, మ్యాక్‌లో "@లోడర్_పాత్/../లిబ్" అనీ విలువ ఇవ్వండి. రెండింటి అర్థమూ ఒకటే: ఈ ఫైల్ ఎక్కడుంటే అక్కడి నుంచి ఒక మెట్టు పైకి వెళ్లి, లిబ్ ఫోల్డర్‌లో వెతుకు. ఫెడోరా కోసం చివరి భాగాన్ని నేరుగా లిబ్ అని రాయకుండా సీమేక్_ఇన్‌స్టాల్_లిబ్‌డిర్ నుంచి తీసుకోండి. ఈ వరుస యాడ్_లైబ్రరీ, యాడ్_ఎగ్జిక్యూటబుల్ పిలుపులకు పైన ఉండాలి. టార్గెట్ తయారైన తరువాత ఇస్తే ఆ టార్గెట్‌కు అది అందదు, ఏ హెచ్చరికా రాదు. విలువను టెర్మినల్ నుంచి ఇస్తున్నట్లయితే సింగిల్ కొటేషన్లలో పెట్టండి, లేకపోతే $ఆరిజిన్‌ను షెల్ తన వేరియబుల్ అనుకుని ఖాళీ చేసేస్తుంది.

మ్యాక్‌లో మీ స్క్రిప్టు విఫలం కావడానికి కారణం వేరు. 2015లో ఎల్ క్యాపిటన్‌తో వచ్చిన సిస్టమ్ ఇంటెగ్రిటీ ప్రొటెక్షన్, /బిన్/ఎస్‌హెచ్ వంటి రక్షిత ప్రోగ్రామ్‌లు మొదలయ్యేటప్పుడు డీవైఎల్‌డీతో మొదలయ్యే వేరియబుళ్లను తొలగిస్తుంది. మీ స్క్రిప్టును నడిపేది ఆ షెల్ కాబట్టి, మీ ప్రోగ్రామ్ దాకా ఆ విలువ చేరదు. ఆ వేరియబుల్‌పై ఆధారపడరాదనడానికి ఇదొక్కటే చాలు. ఓటూల్‌ను (ఫైల్ ఏయే లైబ్రరీలను అడుగుతుందో చూపే సాధనం) పెద్ద ఎల్ ఆప్షన్‌తో మీ డైలిబ్ మీద కూడా నడిపి చూడండి. హోమ్‌బ్రూ (మ్యాక్ ప్యాకేజీ మేనేజర్) నుంచి తెచ్చుకున్న హార్ఫ్‌బజ్ అక్కడ /ఆప్ట్/హోమ్‌బ్రూ తో మొదలయ్యే పూర్తి చిరునామాతో కనిపిస్తుంది. ఇంటెల్ మ్యాక్‌లో హోమ్‌బ్రూ /యూఎస్ఆర్/లోకల్ లో ఉంటుంది, చాలామంది దగ్గర అసలు ఉండనే ఉండదు. హార్ఫ్‌బజ్‌ను మీ లైబ్రరీ పక్కనే పెట్టి పంపదలిస్తే ఇన్‌స్టాల్_నేమ్_టూల్‌తో ఆ చిరునామాను @ఆర్‌పాత్‌కు మార్చి, ఆపైన కోడ్‌సైన్‌తో మళ్లీ సంతకం చేయాలి. ఆపిల్ సిలికాన్ మీద సంతకం చెడిన ఫైల్‌ను సిస్టమ్ నడవనివ్వదు.

ఇవన్నీ చేశాక బిల్డ్ ఫోల్డర్ పేరు మార్చి, అప్పుడు ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రామ్‌ను నడపండి. ఆ ఫోల్డర్ అక్కడే ఉంటే పరీక్షను నమ్మడానికి వీల్లేదు.

రెండో సమాధానం

విండోస్ సంగతి మాత్రమే చెబుతాను. ఎంఎస్‌వీసీలో (మైక్రోసాఫ్ట్ కంపైలర్) మీరు ప్రత్యేకంగా ఎగుమతి చేయనిదే డీఎల్ఎల్ నుంచి ఏ ఫంక్షనూ బయటికి కనిపించదు. ఎగుమతి ఒక్కటీ లేకపోతే లిపి.డీఎల్ఎల్ తయారవుతుంది కానీ దానికి జతగా రావలసిన ఇంపోర్ట్ లైబ్రరీ, అంటే లిపి.లిబ్, పుట్టదు. లింకర్ వెతుకుతున్నది ఆ పుట్టని ఫైల్‌నే.

సీమేక్ 3.4 నుంచి ఉన్న విండోస్_ఎక్స్‌పోర్ట్_ఆల్_సింబల్స్ ఆన్ చేస్తే తక్షణం లింక్ అవుతుంది, అయితే గ్లోబల్ వేరియబుళ్ల విషయంలో అది పూర్తిగా పనిచేయదు. నలుగురూ వాడే లైబ్రరీ కాబట్టి జెనరేట్‌ఎక్స్‌పోర్ట్‌హెడర్ మాడ్యూల్ ఇచ్చే మాక్రోను పబ్లిక్ ఫంక్షన్ల ముందు పెట్టడమే మంచిదని నా అభిప్రాయం. లినక్స్‌లో కూడా విజిబిలిటీని హిడెన్ చేసి (ఫంక్షన్లు మామూలుగా బయటికి కనిపించకుండా) అదే మాక్రో వాడితే, ఎగుమతి మరిచిపోయిన ఫంక్షన్ విండోస్ దాకా వెళ్లకుండానే బయటపడుతుంది.

ఆ తరువాత డీఎల్ఎల్ దొరకడం లేదనే సమస్య వస్తుంది. విండోస్‌లో ఆర్‌పాత్ లాంటిది లేదు. ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్, సిస్టమ్ ఫోల్డర్లు, చివరగా పాత్ వేరియబుల్, ఇలా వెతుకుతుంది. కాబట్టి డీఎల్ఎల్ ఈఎక్స్ఈ పక్కనే ఉండాలి. సీమేక్ దృష్టిలో డీఎల్ఎల్ అనేది లైబ్రరీ కాదు, రన్‌టైమ్. మీ ఇన్‌స్టాల్ ఆదేశంలో లైబ్రరీ డెస్టినేషన్ ఒక్కటే రాసి ఉంటే అది డీఎల్ఎల్‌కు వర్తించదు. రన్‌టైమ్‌కు బిన్, లైబ్రరీకీ ఆర్కైవ్‌కూ లిబ్ అని మూడూ రాయండి. 0ఎక్స్‌సీ0000135 అనే కోడ్ వస్తే డీఎల్ఎల్ దొరకలేదని అర్థం. 0ఎక్స్‌సీ000007బీ వస్తే, చాలావరకు, 64 బిట్ ప్రోగ్రామ్‌కు 32 బిట్ డీఎల్ఎల్ తగిలిందని అర్థం.

అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫెడోరా, మ్యాక్, విండోస్ మూడింటిలోనూ ఏ వేరియబులూ లేకుండా ఇప్పుడు నడుస్తోంది. ఆర్‌పాత్ వరుస నిజంగానే టార్గెట్ల కింద ఉండేది. ఒక్కటి మిగిలింది. ఉబుంటు 22.04లో చేసిన ప్యాకేజీని 20.04 ఉన్న మిత్రుడికి ఇస్తే "వెర్షన్ జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్" అంటోంది. లిబ్‌సీ.ఎస్ఓ.6ను (జీలిబ్‌సీ, అంటే సిస్టమ్ మూల సీ లైబ్రరీ ఫైల్) కూడా ప్యాకేజీలో పెట్టేయవచ్చా?

మూడో సమాధానం

పెట్టవద్దు. లిబ్‌సీ, దాన్ని మెమరీలోకి తెచ్చే డైనమిక్ లోడర్ ఒకే వెర్షన్‌కు చెందిన జత. లోడర్ పాతది, లిబ్‌సీ కొత్తది అయితే ప్రోగ్రామ్ మెయిన్ దాకా కూడా రాకుండా కూలిపోతుంది.

ఉబుంటు 22.04లో జీలిబ్‌సీ 2.35 ఉంది, 20.04లో 2.31 ఉంది. 2.34లో ప్రోగ్రామ్‌ను ఆరంభించే అంతర్గత ఫంక్షన్‌కే కొత్త వెర్షన్ గుర్తు వచ్చింది కాబట్టి, ఆ తరువాతి జీలిబ్‌సీతో లింక్ చేసిన దాదాపు ప్రతి ప్రోగ్రామూ, మీ కోడ్‌లో కొత్తదేమీ వాడకపోయినా, 2.34ను అడుగుతుంది. పాత జీలిబ్‌సీ మీద చేసిన బిల్డ్ కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద చేసినది పాతదాని మీద నడవదు. కాబట్టి మీరు మద్దతు ఇవ్వదలచిన అతి పాత డిస్ట్రిబ్యూషన్ కంటైనర్‌లోనే బిల్డ్ చేయండి, మీ విషయంలో అది ఉబుంటు 20.04. పైథాన్ వాళ్ల మెనీలినక్స్2014 ప్యాకేజీలు జీలిబ్‌సీ 2.17 ఉన్న సెంటాస్ 7ను ప్రాతిపదికగా తీసుకున్నది ఈ కారణంతోనే.

బిల్డ్ అయ్యాక ఆబ్జ్‌డంప్‌ను పెద్ద టీ ఆప్షన్‌తో ప్రోగ్రామ్ మీదా లిబ్‌లిపి మీదా నడిపి, జీలిబ్‌సీ అని ఉన్న వరుసలను వడపోయండి. వాటిలో 2.31 దాటిన అంకె లేకపోతే మీ మిత్రుడి కంప్యూటర్‌లో ఈ ఎర్రర్ రాదు.